మూడేళ్ల నాటి టీ ట్రీ ఆయిల్ సీసా: ఒక కేస్ స్టడీ

నేను చర్మవ్యాధుల డాక్టర్‌ని. ఈ కేసు గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. మొదటిసారి ఆమె వచ్చినప్పుడు అసలు కారణం నాకు దొరకలేదు, దొరకకపోవడానికి కారణం నేను అడిగిన ప్రశ్నే. టీ ట్రీ ఆయిల్ (ఒక చెట్టు ఆకు నుంచి తీసే నూనె) వాడేవాళ్లకీ, దాని గురించి సలహా ఇచ్చేవాళ్లకీ ఇది పనికొస్తుందని నమ్ముతున్నాను. ఆమెను గుర్తుపట్టే వివరాలు తీసేశాను, రాయడానికి ఆమె ఒప్పుకున్నారు.

మొదటి రాక

ఆమె వయసు 31. రెండు కనురెప్పలూ ఉబ్బిపోయి ఉన్నాయి, కుడి కన్ను సగమే తెరుచుకుంటోంది. దవడ పొడవునా, గడ్డం కింద చర్మం కందిపోయి ఉంది. చామనఛాయ చర్మం కాబట్టి ఎరుపు ఎరుపుగా కనపడదు, ఊదా కలిసిన గోధుమ రంగులో కనపడుతుంది, తెలియనివాళ్లు "కాస్త నల్లబడింది అంతే" అనుకుంటారు. లైటు దగ్గరగా పెట్టి చూస్తే ఆవగింజ కంటే చిన్న నీటి పొక్కులు, కొన్ని చితికి, కారిన నీరు పసుపుగా పెచ్చు కట్టి ఉంది. జ్వరం లేదు, ఒంటి మీద మరెక్కడా ఏమీ లేదు.

"దురదా, మంటా?" అని అడిగాను. "ముందు దురదండీ, గోక్కున్నాక మంట" అన్నారు. ఇది ప్రతిసారీ అడిగే ప్రశ్నే. చర్మాన్ని ఏదైనా ఘాటుగా కొరికితే మొదట మంట పుడుతుంది, అలర్జీ అయితే మొదట దురద వస్తుంది. ప్రతి ఒక్కరిలో ఇలాగే ఉంటుందని కాదు, కానీ దారి చూపిస్తుంది.

తర్వాత "ముఖానికి ఏ క్రీములు వాడుతున్నారు?" అన్నాను. ఫేస్‌వాష్, సన్‌స్క్రీన్, ఫౌండేషన్ అన్నారు. ఫౌండేషన్ మూడు వారాల కిందటే మార్చారట. నా ఆలోచన అక్కడే ఆగిపోయింది. కొత్త ఫౌండేషన్, ముఖం మీద అలర్జీ, రెండూ సరిగ్గా అతికినట్టు ఉన్నాయి. అన్నీ ఆపేసి నీళ్లతో మాత్రమే కడుక్కోమని చెప్పి, కొద్ది రోజులకి ఒక శాతం హైడ్రోకార్టిజోన్, పైన సువాసన లేని తెల్ల పెట్రోలియం జెల్లీ రాసిచ్చాను. ఎనిమిదో రోజు ఫోన్ చేసి పూర్తిగా తగ్గిందన్నారు. నేను కూడా నిశ్చింతగా ఫైలు మూసేశాను.

రెండో రాక

సరిగ్గా పదహారు రోజులకి మళ్లీ వచ్చారు, ఈసారి ఇంకా ఎక్కువ వాపుతో. కూర్చోకముందే "ఫౌండేషన్ ముట్టుకోలేదు డాక్టర్ గారూ, ఒట్టు" అన్నారు. నమ్మాను. క్రీముల సంగతి పక్కన పెట్టి, "నిన్నా మొన్నా మీ ముఖానికి ఏమేం తగిలిందో గుర్తు చేసుకుని చెప్పండి, నీళ్లతో సహా" అన్నాను. టవల్, దిండు కవరు, సబ్బు, ఒక్కొక్కటీ చెప్పుకుంటూ వచ్చి చివర్లో, "మొన్న రాత్రి ఒక మొటిమ లేచిందని కాస్త టీ ట్రీ ఆయిల్ రాసుకున్నాను, అంతే" అన్నారు.

ఆ "అంతే" దగ్గర ఆగాను. ఆమె దాచిపెట్టింది ఏమీ లేదు. ఆమె దృష్టిలో అది క్రీమూ కాదు, మందూ కాదు. ఆకు నుంచి తీసిన నూనె. నేను క్రీముల గురించి అడిగాను, ఆమె క్రీముల గురించే చెప్పారు.

ఇక మొదటి నుంచీ అడిగితే కథ ఇలా ఉంది. మూడేళ్ల కిందట దవడ మీద మొటిమలకి టీ ట్రీ ఆయిల్ మంచిదని చదివి చిన్న సీసా ఒకటి తెచ్చుకున్నారు. అప్పట్లో కలబంద జెల్‌లో రెండు మూడు చుక్కలు కలిపి రాసేవారు. నాలుగు నెలలు వాడితే నిజంగానే మొటిమలు తగ్గాయి, ఏ ఇబ్బందీ రాలేదు. తగ్గాక ఆపేశారు. సీసా బాత్రూంలో కిటికీ పక్కన అల్మరాలో అలాగే ఉండిపోయింది. మొన్నీమధ్య మొటిమలు మళ్లీ మొదలైతే అదే సీసా తీశారు, ఈసారి జెల్ లేదు, తొందర ఉంది, అందుకని దూదితో నేరుగా పొద్దునా రాత్రీ అద్దారు. పదో రోజుకి దురద మొదలైంది. "పని చేస్తోంది కాబట్టే చురుక్కుమంటోంది అనుకున్నానండీ" అని ఇంకాస్త ఎక్కువ రాశారు. ఇలా అనుకునేవాళ్లని నేను వారానికి ఒకరినైనా చూస్తాను. మంట పుడితే మందు పట్టినట్టు కాదు. చర్మం వద్దంటోందని అర్థం.

రోగ నిర్ధారణకి నాకు అన్నిటికంటే సాయపడింది రోజుల లెక్క. మొదటిసారి పది రోజులు పట్టింది, రెండోసారి ఒకటిన్నర రోజు. మన రోగనిరోధక వ్యవస్థ ఒక రసాయనాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకోవడానికి పది రోజులో, ఇంకా ఎక్కువో తీసుకుంటుంది, ఒక్కసారి గుర్తుపెట్టుకున్నాక మళ్లీ తగిలితే ఒకటి రెండు రోజుల్లోనే టీ-కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు) విరుచుకుపడతాయి. కేవలం ఘాటు వల్ల వచ్చే మంట ఇలా ఉండదు, రాసిన కొద్దిసేపటికే మొదలై ఆపగానే తగ్గుముఖం పడుతుంది. కనురెప్పలకి ఆమె ఎప్పుడూ రాయలేదు, అయినా అక్కడే ఎక్కువ వాచింది. ముఖం మొత్తంలో పలుచని చర్మం అదే, వేళ్ల నుంచి అంటుకున్న కాస్త చాలు, ఆవిరయ్యే నూనెలైతే ఆ ఆవిరి కూడా చాలు.

సీసా

బాత్రూంలో ఉన్నవన్నీ సంచిలో వేసుకుని రమ్మన్నాను. మర్నాడు వాళ్ల నాలుగేళ్ల బాబుని కూడా తీసుకొచ్చారు. నేను ఫేస్‌వాష్ మీద లేబుల్ చదువుతుండగా ఆ పిల్లాడు బల్ల మీద ఉన్న టీ ట్రీ సీసా తీసుకుని, రెండు తిప్పులు తిప్పి, మూత ఊడదీసి "అమ్మ మందు" అని నా వైపు చూపించాడు. నా గుండె ఆగినంత పనైంది. దాని గురించి కింద రాస్తాను.

సీసా ముదురు గోధుమ రంగు గాజుదే, అది మంచిదే. కానీ మూడో వంతు నూనె మాత్రమే ఉంది, మిగతాదంతా గాలి. మూత అంచు చుట్టూ జిగురులా గట్టిపడిన పదార్థం, అందువల్ల మూత పూర్తిగా బిగుసుకోవడం లేదు. వాసన చూశాను. తాజా టీ ట్రీ ఆయిల్‌కి కర్పూరం కలిసిన మందు వాసన ఉంటుంది, ఇది పెయింట్లలో కలిపే టర్పెంటైన్‌లా ముక్కుకి గుచ్చుకుంటోంది. వాసన ల్యాబ్ పరీక్ష కాదు కానీ నాకు ఆ క్షణంలో సంగతి దాదాపు అర్థమైంది.

ఈ నూనె మెలలూకా ఆల్టర్నిఫోలియా అనే చెట్టుది, పుట్టిల్లు ఆస్ట్రేలియా తూర్పు తీరం. అక్కడి బుంజలుంగ్ ప్రజలు తరతరాలుగా దాని ఆకు నలిపి వాడుకునేవారు. గమనించండి, వాళ్లు వాడింది ఆకు. మనం వాడుతున్నది ఆకుని ఆవిరి పట్టి తీసిన సారం, 100 కిలోల పచ్చి ఆకు నుంచి వచ్చేది సుమారు ఒకటి రెండు కిలోల నూనె. కాబట్టి "ప్రకృతిలో ఉన్నదే కదా" అనే మాట ఇక్కడ సరిపోదు, ఆకులో ఉన్న మోతాదు వేరు, చుక్కలో ఉన్న మోతాదు వేరు.

ఆ చుక్కలో సుమారు వంద రసాయనాలున్నాయి. సూక్ష్మజీవుల మీద ప్రధానంగా పనిచేసేది టెర్పినెన్-4-ఆల్. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 4730 ఈ నూనెలో ఏది ఎంత ఉండాలో చెబుతుంది, 2017 నాటి సవరణ ప్రకారం టెర్పినెన్-4-ఆల్ కనీసం 35 శాతం ఉండాలి, 1,8-సినియోల్ అనే మరో పదార్థం 10 శాతం దాటకూడదు. ఇది సీసా నింపిన రోజు సంగతి. ఆల్ఫా-టెర్పినీన్, గామా-టెర్పినీన్, టెర్పినోలీన్ అనేవి గాలి, వెలుతురు, వేడి తగిలితే నిలవవు. ఆక్సిజన్‌తో కలిసి పెరాక్సైడ్లుగా, ఆస్కారిడోల్ లాంటి పదార్థాలుగా మారిపోతాయి, పారా-సైమీన్ అనే మరో పదార్థం పెరుగుతూ పోతుంది. చర్మానికి అలర్జీ పుట్టించడంలో ఇలా పాతబడిన నూనె తాజా నూనె కంటే చాలా బలమైనది. సీసాలో నూనె తగ్గేకొద్దీ గాలి పెరుగుతుంది కాబట్టి, అడుగున మిగిలిన నూనె మొదటి చుక్కల్లాంటిది కాదు. ఆమె మూడేళ్ల కిందట రాసుకున్న నూనె, ఇప్పుడు రాసుకున్న నూనె, లేబుల్ ఒకటే అయినా, నా దృష్టిలో రెండు వేర్వేరు పదార్థాలు. ఈ ఒక్క విషయం చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

ప్యాచ్ టెస్ట్

ప్యాచ్ టెస్ట్ అంటే అనుమానం ఉన్న పదార్థాల్ని పట్టీల కింద వీపు మీద అంటించి అలర్జీ వస్తుందేమో చూడటం. ముఖం ఎర్రగా ఉన్నప్పుడు అది చేయకూడదు, చర్మమంతా రెచ్చిపోయి ఉంటుంది కాబట్టి అన్నీ పాజిటివ్‌లా కనపడే ప్రమాదం ఉంది. నాలుగు వారాలు ఆగాం. తర్వాత ఆమె వీపు మీద సాధారణ సిరీస్‌తో (తరచుగా అలర్జీ తెచ్చే పదార్థాల వరుసతో) పాటు, పెట్రోలియం జెల్లీలో కలిపిన 5 శాతం ఆక్సీకరణ చెందిన (గాలి తగిలి మారిన) టీ ట్రీ ఆయిల్, ఆమె ఫౌండేషన్, సన్‌స్క్రీన్, ఆమె సొంత సీసాలోని నూనెని 5 శాతానికి పలుచన చేసి పెట్టాను. ఫేస్‌వాష్‌ని బాగా నీళ్లు కలిపే పెట్టాలి, నేరుగా పెడితే సబ్బు ఘాటుకే చర్మం కందుతుంది. టీ ట్రీ నూనె కూడా అంతే, ఏమీ కలపకుండా 48 గంటలు మూసిపెడితే అలర్జీ లేనివాళ్లకి కూడా ఎర్రబడుతుంది, దానితో ఏమీ తేలదు.

48 గంటలకి పట్టీలు తీసినప్పుడు టీ ట్రీ దగ్గర కొంచెం ఉబ్బు, ఎరుపు, ఒక ప్లస్ (స్పందన ఎంత బలంగా ఉంటే అన్ని ప్లస్‌లు). 96 గంటలకి చూస్తే అదే చోట గట్టిగా చేతికి తగిలే వాపు, దాని మీద చిన్న నీటి పొక్కులు, రెండు ప్లస్‌లు. ఆమె సొంత నూనె దగ్గర కూడా అదే. ఘాటు వల్ల వచ్చిన ఎరుపైతే రెండో రీడింగ్‌కి తగ్గిపోతుంది, అలర్జీ అయితే పెరుగుతుంది. ఫౌండేషన్ దగ్గర చర్మం మామూలుగా ఉంది, పాపం దానికి ఏ పాపమూ తెలియదు. సువాసనల మిశ్రమం దగ్గర ఒక అనుమానపు మచ్చ కనపడింది, అది 96 గంటలకి పోయింది కాబట్టి దానికి ప్రాముఖ్యం ఇవ్వలేదు. అయితే టీ ట్రీకి అలర్జీ ఉన్న కొందరిలో సువాసనలకి, కోలోఫొనీకి (పైన్ చెట్టు జిగురుకి) కూడా స్పందన ఉంటుంది, అందుకే సిరీస్ మొత్తం పెట్టాలి, అనుమానం ఉన్న ఒక్కటి పెట్టి వదిలేయకూడదు.

చికిత్స

ఇందులో చెప్పుకోదగ్గ విశేషం లేదు. ఆ రెండోసారి ఉబ్బినప్పుడు చల్లని తడిగుడ్డ పది నిమిషాల చొప్పున రోజుకి మూడు నాలుగు సార్లు, దవడకి మూడు రోజులు తేలికపాటి స్టెరాయిడ్, కనురెప్పలకి స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్. కనురెప్పల మీద స్టెరాయిడ్ పదేపదే వాడితే కంటి ఒత్తిడి పెరిగే అవకాశం ఉంది, అప్పటికే ఒకసారి వాడాం కాబట్టి మళ్లీ వద్దనుకున్నాను. వాపు వారంలో దిగింది. ఎరుపు పోయాక నలుపు మిగిలింది, అది ఆమెను అసలు జబ్బు కంటే ఎక్కువ బాధపెట్టింది. మన చర్మం రంగులో వాపు తగ్గిన చోట తరచుగా ఈ మచ్చ మిగులుతుంది, పోవడానికి నెలలు పడుతుంది. ప్యాచ్ టెస్ట్ అయ్యాక, చర్మం కుదుటపడ్డాక, మొటిమలకీ మచ్చలకీ కలిపి 15 శాతం అజెలాయిక్ యాసిడ్ జెల్ రోజు విడిచి రోజు మొదలుపెట్టించాను.

రెండు నెలల తర్వాత చిన్న ఎదురుదెబ్బ తగిలింది. చెవుల వెనక, మెడ మీద, మళ్లీ కనురెప్పల మీద దురద. ఎక్కడెక్కడ వచ్చిందో చూస్తేనే తలస్నానం నీళ్లు జారే దారి కనపడుతుంది. షాంపూ సీసా ఫోటో పంపమన్నాను. ముందు వైపు ఎక్కడా టీ ట్రీ అని లేదు, "హెర్బల్" అని ఉంది. వెనక వైపు చీమ తలకాయంత అక్షరాల్లో, పదిహేడో పేరుగా, మెలలూకా ఆల్టర్నిఫోలియా లీఫ్ ఆయిల్ అని ఉంది. "టీ ట్రీ" అన్న మాట కోసం వెతకమని చెప్పానే గానీ శాస్త్రీయ నామం రాసివ్వలేదు, ఆ పొరపాటు నాది. ఇప్పుడు ప్యాచ్ టెస్ట్ పాజిటివ్ వచ్చిన ప్రతి ఒక్కరికీ రెండు పేర్లూ పెద్ద అక్షరాల్లో రాసిచ్చి ఫోన్‌లో ఫోటో తీసుకోమంటున్నాను. షాంపూ, మౌత్‌వాష్, డియోడరెంట్, చేతులు తుడుచుకునే వైప్స్, గదిలో ఆవిరి వదిలే డిఫ్యూజర్, ఎక్కడైనా ఉండొచ్చు.

అయితే అసలు వాడొద్దా?

ఈమె వాడకూడదు, జీవితాంతం. ఈ అలర్జీ ఒకసారి వచ్చాక పోతుందని ఆశపెట్టుకోకూడదు. మిగతావాళ్ల సంగతి వేరు, ఈ నూనె పనికిరాదని నేను అనను. 1990లో ఆస్ట్రేలియాలో 124 మంది మొటిమలవాళ్ల మీద 5 శాతం టీ ట్రీ జెల్‌ని 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్‌తో పోల్చి చూశారు. రెండూ మొటిమల్ని తగ్గించాయి, టీ ట్రీ నెమ్మదిగా పనిచేసింది, కానీ పొడిబారడం లాంటి ఇబ్బందులు తక్కువ. చుండ్రుకి 5 శాతం షాంపూ నాలుగు వారాలు వాడితే 41 శాతం మెరుగైంది, మందు లేని షాంపూతో 11 శాతం. కాలివేళ్ల మధ్య ఫంగస్‌కి 25, 50 శాతం ద్రావణాలు పనిచేశాయి, 10 శాతం క్రీము మాత్రం పొట్టూ దురదా తగ్గించిందే గానీ ఫంగస్‌ని చంపలేకపోయింది. గోళ్ల ఫంగస్‌కి దీన్ని నమ్ముకోవద్దని చెబుతాను. ఇవన్నీ మోతాదు కొలిచి, తాజాగా తయారుచేసినవి. ముఖానికి 5 శాతంతో పని జరుగుతున్నప్పుడు వంద శాతం ఎందుకు?

కలుపుకోవాలనుకుంటే సుమారు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు, కాబట్టి 10 మిల్లీలీటర్ల జెల్‌లో గానీ మరో నూనెలో గానీ 10 చుక్కలు వేస్తే దాదాపు 5 శాతం. చుక్క పరిమాణం సీసాని బట్టి మారుతుంది, ఇది కచ్చితమైన కొలత కాదు. ముఖానికి మొదటిసారైతే నేను అందులో సగంతో మొదలుపెట్టమంటాను. నీళ్లలో కలపొద్దు, నూనె నీళ్లలో కలవదు, పైన తేలి ఆ చుక్క చుక్కగానే చర్మానికి అంటుకుంటుంది, బకెట్ నీళ్లయినా అంతే. మోచేయి మడతలో రోజుకి రెండుసార్లు ఏడు రోజులు ఒకేచోట రాసి చూసి ఆ తర్వాత ముఖం జోలికి వెళ్లండి. ఒక్క రాత్రి పరీక్షతో ఏమీ తేలదని ఈమె పది రోజుల కథే చెబుతోంది. ఏడు రోజులు ఏమీ రాకపోయినా, తర్వాత ఎప్పుడైనా దురద వస్తే ఆపేయాలి.

చిన్న సీసా కొనండి. తెరిచిన రోజు తేదీ మూత మీద రాయండి. వెలుతురు తగలని చల్లని చోట, మూత గట్టిగా బిగించి పెట్టండి, బాత్రూం అందుకు పనికిరాదు. సగానికి పైగా ఖాళీ అయి ఏడాది దాటిన సీసాని చర్మానికి వాడొద్దని నేను చెబుతాను. ఏడాది అనేది ప్రయోగశాల గీసిన గీత కాదు, నా జాగ్రత్త కొద్దీ పెట్టుకున్న హద్దు. చెవిలో వేయొద్దు, గినియా పందుల మధ్యచెవిలో నేరుగా వేసినప్పుడు వినికిడి దెబ్బతింది. కంట్లో, కాలిన గాయాల మీద వద్దు. పిల్లుల మీద, కుక్కల మీద గోమార్లు పోవాలని నేరుగా పోస్తే అవి వణికి, కాళ్లు పడిపోయి, ప్రాణాల మీదకి వచ్చిన ఉదంతాలున్నాయి.

ఇక ఆ బాబు. ఈ నూనె లోపలికి పోతే విషం. రెండేళ్లలోపు పిల్లలు 10 మిల్లీలీటర్ల కంటే తక్కువ తాగి, అరగంటలో నడవలేక తూలిపోవడం, మత్తుగా పడిపోవడం వైద్య పత్రికల్లో నమోదైంది. ఆ పిల్లలు కోలుకున్నారు, కానీ ఆస్పత్రిలో కనిపెట్టుకుని ఉంటేనే. పొరపాటున పిల్లలు తాగితే వాంతి చేయించొద్దు, నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకో ప్రమాదం. సీసా చేత్తో పట్టుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి, ఎంత పోయిందో డాక్టర్‌కి ఆ సీసా చూస్తేనే అంచనా దొరుకుతుంది. కడుపులోకి తీసుకుంటే జీర్ణానికి మంచిదని ఎవరు చెప్పినా వినొద్దు, పెద్దవాళ్లు కూడా. ఆ రోజు పిల్లాడి చేతిలోంచి సీసా తీసుకుని మూత పెడుతూ వాళ్లమ్మకి ఇదంతా చెబితే, ఆమె ముఖం మీద దురద సంగతి మర్చిపోయి వాడిని దగ్గరికి లాక్కున్నారు.

ఈ కేసు తర్వాత మా క్లినిక్‌లో మొదటిసారి వచ్చినవాళ్లు నింపే కాగితంలో "ఏ క్రీములు వాడుతున్నారు" అన్న వరుస కొట్టేసి "ముఖానికి, తలకి ఏమేం తగులుతున్నాయి, నూనెలు, ఆకులు, ఇంట్లో కలిపినవి సహా" అని రాయించాను. దాని కింద "ఎప్పుడు తెరిచిన సీసా" అని ఇంకో గడి ఉంది.

ఆమె చివరిసారి వచ్చింది నాలుగో నెలలో. చర్మం శుభ్రంగా ఉంది, ఎడమ దవడ మీద ఒక్క గోధుమ మచ్చ మిగిలింది, అది కూడా వెలుస్తోంది. వెళ్లే ముందు ఫోన్ తీసి, కొనబోతున్న బాడీ లోషన్ వెనక లేబుల్‌ని జూమ్ చేసి చూపించారు, "పదిహేడో పేరు దాకా చదివానండీ, లేదు."